ఆటయందు అర్ధశక్తి

నలుబది యేండ్లు దాటిన పిమ్మట మనుష్యునకు క్రొత్తగా ఒక ఆట లభించుట సామాన్యభాగ్యము కాదు. బాల్యమున ఆడిన కబడ్డీ, బడినాటి వాలీబాల్, కళాశాలనాటి క్రికెట్ ఉద్యోగము వచ్చినప్పుడొకటి, సంసారము పెరిగినప్పుడొకటి చేజారిపోయి, వ్యాయామమనగా వైద్యుడు చెప్పిన ఉదయపు నడక మాత్రమే మిగిలిన వయస్సున, సాయంకాలము కాగానే బూట్లు తొడిగికొని, నలుగురితో కలసి నవ్వుచు, కేకలు వేయుచు, చెమటోడ్చి ఆడుకొను అవకాశమును కల్పించిన క్రీడ పికిల్‌బాల్. హైదరాబాదులో గచ్చిబౌలి, కొండాపూరు ప్రాంతములందును, విజయవాడ, విశాఖపట్టణములందును కొలది సంవత్సరములలోనే ఈ కోర్టులు వెలసి, రాత్రి ప్రొద్దుపోవువరకు దీపముల వెలుగున కళకళలాడుచుండుట చూచి నేను మనసార సంతసించుచున్నాను. అయితే ఆ కోర్టులయందే మోకాళ్లకు పట్టీలు బిగించుకొని, నొప్పిమాత్ర మ్రింగి ఆటకు దిగువారిని చూచినప్పుడును, నిరుడు ఒక్క దినమైనను మానక వచ్చినవారు ఈ యేడు కానరాకుండుట గమనించినప్పుడును, ఈ సంతోషమునకు ఆయుర్దాయము స్వల్పమేమో యను చింత కలుగుచున్నది. డెబ్బదియైదవ యేటను ఆడదగిన ఆటను ఏబదియవ యేటనే పోగొట్టుకొనుట గొప్ప నష్టము. ఆ నష్టము దురదృష్టమువలన గాక మన ఆత్రమువలననే కలుగుచుండుట మరింత విచారకరము.

ఈ క్రీడ పుట్టిన తీరులోనే దాని స్వభావము స్పష్టమగుచున్నది. 1965వ సంవత్సరపు వేసవిలో, అమెరికాదేశపు వాషింగ్టన్ రాష్ట్రమున, సియాటిల్ నగరమునకు ఎదురుగా నున్న బెయిన్‌బ్రిడ్జ్ ద్వీపములో, జోయెల్ ప్రిచర్డ్ అను ప్రజాప్రతినిధియు, ఆయన మిత్రుడు బిల్ బెల్‌యు, ఏమియు తోచక విసిగియున్న తమ యింటి పిల్లలకు కాలక్షేపము కల్పింపనెంచి, పెరటిలోని పాత బ్యాడ్మింటన్ కోర్టులో, టేబుల్ టెన్నిస్ బ్యాట్లతోడను చిల్లుల ప్లాస్టిక్ బంతితోడను ఒక ఆటను ప్రారంభించిరి. 60 అంగుళముల ఎత్తున నున్న నెట్‌ను, బంతి నేలను తాకి లేచు తీరును బట్టి, 36 అంగుళములకు దించిరి. వెనువెంటనే వచ్చి చేరిన బార్నీ మెకల్లమ్ ప్లైవుడ్ పలకను కోసి ప్యాడిళ్లను తయారుచేసెను. ఆ ముగ్గురును కూర్చిన నియమములను పరిశీలించినచో, ప్రతి నియమమును బలవంతుని బలమునకు ఒక హద్దు గీయుటకే యేర్పడినట్లు తోచును. కోర్టు పొడవు 44 అడుగులు, వెడల్పు 20 అడుగులు మాత్రమే. టెన్నిస్‌లోవలె తలపైనుండి సర్వీసు కొట్టుట లేదు. ఇరుపక్షములవారును మొదట చెరియొకసారి బంతిని నేల తాకనిచ్చిన పిదపనే దానిని గాలిలో కొట్టవచ్చును. నెట్‌కు ఇరుప్రక్కల 7 అడుగుల మేర ‘కిచెన్’ అని పిలువబడు స్థలములో నిలిచి గాలిలోని బంతిని కొట్టరాదు. ఇన్ని హద్దు లుండుటవలననే తాతయు మనుమడును, భార్యయు భర్తయు, నిన్న నేర్చినవాడును పదియేండ్లుగా ఆడుచున్నవాడును ఒకే కోర్టులో సరదాగా ఆడుకొనగలుగుచున్నారు.

ఆ సౌలభ్యమునందే అపాయమును దాగియున్నది. టెన్నిస్ నేర్వబోయినవాడు మొదటి ఆరు మాసములు బంతిని కంచె అవతల పారవేయుచు, విసుగుచే తనంత తానే దినమున కొక గంటకు మించి ఆడడు. పికిల్‌బాల్ నేర్వబోయినవాడు మొదటి సాయంకాలమే పదకొండు పాయింట్ల ఆట పూర్తిచేసి, మరునాడు రెండు గంటలు, వారము తిరుగునప్పటికి దినమునకు మూడు గంటలు ఆడుటకు సిద్ధపడును. చేతికి ఆట వచ్చినది. కంటికి చూపు కుదిరినది. ఊపిరియు కొలది వారములలోనే అలవాటుపడినది. కాని కండరమును ఎముకకు కట్టియుంచు స్నాయుబంధనములు ఈ వేగముతో మారునవి కావు. వానికి రక్తప్రసారము స్వల్పము; కండరము వారములలో బలపడినను వానికి నెలలు పట్టును; వయస్సుతోపాటు వాని సాగుడుగుణము తగ్గును. గట్టి శ్రమ చేసిన తరువాత మొదటి ఒకటి, ఒకటిన్నర దినములవరకు వానిలో క్రొత్తగా కట్టుకొనుటకంటె పాతది సడలిపోవుటయే అధికముగా నుండునని శరీరశాస్త్రము చెప్పుచున్నది. విశ్రాంతి దొరికిన పిదపనే కట్టుబడి పైచేయి యగును. ఇరువది సంవత్సరములు కుర్చీలో గడపిన కాలిపిక్కలను, మడమలను దినదినమును ఆగుట, ఉరుకుట, వంగుట, ప్రక్కకు దూకుట అను పనులకు నియోగించి, వానికి ఒక్క దినమైనను తెరపి ఈయనివాడు, కట్టుబడికి వ్యవధి యీయక సడలుటనే పోగుచేసికొనుచున్నాడు. పిక్క పట్టివేసిన దినమున అతడు ఆనాటి తప్పటడుగును నిందించును. నిజమునకు ఆ గాయము మూడు నెలలుగా తయారగుచున్నది. క్రొత్త కోడెను కాడికి కట్టిన రైతు మొదటి దినమే దానిచేత పొలమంతయు దున్నింపడు. తన దేహము విషయమున మనుష్యుడు ఆపాటి కనికరమును చూపకుండుట ఆశ్చర్యకరము.

ఈ విషయమున మన పూర్వులు నిర్ణయించిన ప్రమాణమొకటి యున్నది. వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయమున దినచర్యను వివరించుచు, వ్యాయామమువలన దేహమునకు తేలికదనము, పనియందు సామర్థ్యము, జఠరాగ్నికి దీప్తి కలుగునని ప్రశంసించి, అయినను బలవంతులై, స్నిగ్ధాహారము భుజించువారుకూడ చలికాలమునను వసంతమునను తమ శక్తిలో సగము మేరకే వ్యాయామము చేయవలెననియు, తక్కిన ఋతువులలో అంతకంటెను తగ్గింపవలెననియు విధించెను. అతిగా చేసినచో దాహము, ఆయాసము, జ్వరము మున్నగునవి పైకొనునని హెచ్చరించెను. నోట శ్వాస విడువవలసి వచ్చుట, నొసటను సంధులయందును చెమట పట్టుట అర్ధశక్తికి గుర్తులని మన వైద్యగ్రంథములు చెప్పుచున్నవి. ఇది దుర్బలులకు చెప్పిన జాగ్రత్త కాదు; బలవంతులకు చెప్పిన నియమము. బలము లేనివానిని దేహమే ఆపును. బలమున్నవానిని వివేకము తప్ప మరేదియు ఆపజాలదు.

ఈ ప్రమాణమును పికిల్‌బాల్‌కు అన్వయించినచో నాకు తోచునది యిది. ఆరు ఆటలు ఆడగల ఓపిక యున్నవాడు మూడు, నాలుగు ఆటలతో తృప్తిపడి, ఇంకను ఆడవలెనను కోరిక మిగిలియుండగానే కోర్టు దిగవలెను. క్రొత్తవాడు మొదటి రెండు మాసములు దినము విడిచి దినము, ఒక్కొక్క గంటకు మించక ఆడి, పిమ్మట కొంచెము కొంచెముగా పెంచుకొనవలెను. పాతవాడైనను వారమునకు రెండు దినములు ప్యాడిల్ ముట్టకుండుట మంచిది. ఆ విడుపు దినములు వృథా కావు. వయోజనులకు వారమునకు 150 మొదలు 300 నిమిషముల మధ్యస్థ వ్యాయామముతోపాటు, కనీసము రెండు దినములు కండరములను బలపరచు వ్యాయామము కూడ అవసరమనియు, 65 యేండ్లు దాటినవారు వారమునకు మూడు దినములు శరీరపు నిలుకడను పెంచు అభ్యాసములు చేయవలెననియు ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో మార్గదర్శకములను వెలువరించినది. మన ఆటగాండ్రలో పెక్కురు ఈ మొదటి భాగమును పికిల్‌బాల్‌తోనే రెట్టింపుగా నెరవేర్చి, రెండవ, మూడవ భాగములను పూర్తిగా విస్మరించుచున్నారు. మెట్టు అంచున మునివ్రేళ్లపై నిలిచి మడమలను నెమ్మదిగా క్రిందికి దించుట, గోడనానుకొని కుర్చీ వేసినట్లు నిలుచుట, పండ్లు తోముకొనునప్పుడు ఒంటికాలిపై నిలుచుట వంటి అభ్యాసములకు ఖర్చు లేదు, కోర్టు బుకింగు లేదు. ఐదేండ్ల తరువాతకూడ ఆడుటకు కావలసిన మూలధనము మాత్రము అందే యున్నది.

ఈ ఆటలో పడిపోవుట యెట్లు జరుగునో ఒక్కసారి దగ్గరగా చూడవలెను. కిచెన్ గీతవద్ద మోకాళ్లు వంచి, ప్యాడిల్ ముందుకు చాచి నిలిచిన మనుష్యుని తలమీదుగా ప్రత్యర్థి బంతిని ఎత్తి లాబ్ కొట్టును. అతని చూపు బంతిమీదనే నిలిచియుండును. ముఖము నెట్ వైపునుండి మరలదు. పాదములు మాత్రము వెనుకకు నడచుట ప్రారంభించును. మొదటి అడుగున దేహభారము మడమలపైకి వచ్చును. రెండవ అడుగున తల వెనుకకు వాలును. మూడవ అడుగున బూటు మడమ నేలకు తట్టుకొనును. పడబోవునప్పుడు అరచేయి దానంతటదే వెనుకకు పోయి నేలను ఆనుకొనును. దేహభారమంతయు మణికట్టుపై పడును. ఇది క్షణమాత్రపు పని. పిదప సిమెంటుకట్టుతో నెలపైగా గడపవలసి వచ్చును. అమెరికా ఆస్పత్రుల అత్యవసర విభాగములకు 2010 నుండి 2019 వరకు వచ్చిన 60 యేండ్లు పైబడిన పికిల్‌బాల్ క్షతగాత్రుల వివరములను పరిశీలించి 2021లో ప్రచురించిన ఒక అధ్యయనములో, జారుట, తట్టుకొనుట, పడుటలే గాయములకు ముఖ్యకారణములని తేలినది. బెణుకులు, కండరములు పట్టివేయుట పురుషులలో హెచ్చుగా నుండగా, మణికట్టు ఎముక విరుగుట పురుషులకంటె స్త్రీలలో తొమ్మిది రెట్లకు పైగా సంభవించినట్లు కనబడినది. ఋతుక్రమము ఆగిన పిదప స్త్రీల ఎముకలు పలుచనగుట మన యిండ్లలో తెలియని విషయము కాదు. కావున ఏబది దాటిన సోదరీమణులు ఆటకు దిగుటకు ముందే ఎముకల సాంద్రతపరీక్ష చేయించుకొని, వైద్యుని సలహా పొందుట తప్పనిసరి యని నా దృఢాభిప్రాయము.

లాబ్‌కు సరియైన విరుగుడు రెండే. ఒకటి, బంతి పైకి లేచిన వెంటనే పాదమును, భుజమును ప్రక్కకు త్రిప్పి, వెనుతిరిగి పరుగెత్తుట. ప్రక్కన నిలిచియున్న భాగస్వామి ‘నాది’ యని కేకవేసి తాను పోయి అందుకొనుట ఇంకను మేలు. రెండవది, ఆ బంతిని విడిచిపెట్టుట. పదకొండు పాయింట్ల ఆటలో ఒక పాయింటు పోయిన నష్టము రెండు నిమిషములలో తీరును. ఆ బంతిని విడిచినవానిని చప్పట్లతో అభినందించు ఆచారము మన కోర్టులలో రావలెనని నేను కోరుచున్నాను.

తక్కిన గాయములను గూర్చి క్లుప్తముగా చెప్పుదును. పరుగునకై కుట్టిన బూట్లు ముందుకు సాగు నడకకే అనుకూలములు. ప్రక్కకు దూకునప్పుడు చీలమండను నిలుపునవి టెన్నిస్, బ్యాడ్మింటన్ వంటి ఆటలకు చేసిన కోర్టు బూట్లే. ప్యాడిల్‌పై వేలాది రూపాయలు వెచ్చించి బూట్లవద్ద బేరమాడుట తగదు. ప్యాడిల్‌ను పిడికిటిలో బిగించి పట్టినవానికి మోచేతి వెలుపలి భాగమున నొప్పి బయలుదేరును. తడిబట్ట పిండునప్పుడును, నీళ్లచెంబు ఎత్తునప్పుడును ఆ చోట సలిపినచో, అది టెన్నిస్ ఎల్బోకు ఆరంభమని గ్రహించి, పట్టు సడలించి, కొన్నాళ్లు ఆట తగ్గింపవలెను గాని, పట్టీ చుట్టి ఆటను కొనసాగింపరాదు. నెట్‌వద్ద నలుగురును చేరినప్పుడు బంతి కంటికి తగులుటకు రెప్పపాటు కాలము చాలును. పగులని పాలికార్బనేట్ అద్దములు ధరించుట అతిజాగ్రత్త కాదు. ప్రక్క కోర్టునుండి బంతి దొర్లివచ్చినప్పుడు ‘బాల్’ అని బిగ్గరగా అరచి అందరును ఆట ఆపుట ప్రతి కోర్టులోను శాసనముగా నుండవలెను. ఆటకు ముందు పది నిమిషములు నడచి, కీళ్లు కదలించి, నెట్‌వద్ద బంతిని మెత్తగా అవతలికి జారవిడుచు ‘డింకులు’ నెమ్మదిగా ఆడి, ఒంట వేడి పుట్టిన తరువాతనే లెక్క ప్రారంభింపవలెను. కోర్టు అద్దె గంటల లెక్కన కట్టుచున్నాము గనుక ఆ పది నిమిషములును నష్టమని భావించుట, ఆస్పత్రి అద్దె ఇంకను హెచ్చని మరచుటయే.

మన ప్రాంతములకు ప్రత్యేకమైన చింతలు మరి రెండు కలవు: నేల, ఎండ. పూర్వము మన తాలింఖానాలలో గోదామట్టిని దినమును త్రవ్వి, గుల్లచేసి, మెత్తబరచిన పిదపనే పహిల్వానులు దానిలో దిగెడివారు. దేహమును సాధించువాడు ముందుగా నేలను సాధింపవలెనని వారు ఎరుగుదురు. నేడు నగరములలో మేడలపైని సిమెంటు గచ్చుమీదను, వాహనములు నిలుపు నేలమాళిగలందును రంగు పూసి, గీతలు గీసి, కోర్టులని పిలుచుచున్నారు. అట్టి కఠినతలము ప్రతి అడుగు దెబ్బను మోకాలికిని నడుమునకును తిరిగి ఒప్పగించును. కుదుపును కొంత మ్రింగునట్టి మెత్తని పొరలతో కోర్టు వేయుట యజమానులకు ఖర్చే గాని, తమ వద్దకు వచ్చువారు పదియేండ్లు రావలెనన్నచో ఆ ఖర్చు తప్పదు. ఇక ఎండ మాట: రామగుండము, రెంటచింతల మాట అటుంచి, వేసవిలో విజయవాడ, హైదరాబాదులలోనే ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుట మనకు పరిపాటి. వాగ్భటుడు గ్రీష్మమున వ్యాయామమును తగ్గింపుమనుట ఊరక చెప్పిన మాట కాదు. ఏప్రిల్, మే మాసములలో సూర్యోదయాత్పూర్వమో, ప్రొద్దు గ్రుంకిన చాలసేపటికో ఆడి, ఉప్పు వేసిన మజ్జిగయో, నిమ్మరసమో వెంట నుంచుకొని, తలతిరుగుడు, వాంతిభావము తోచిన తక్షణమే నీడకు చేరవలెను. మధుమేహమునకు మందులు వాడువారు ఆటవలన రక్తమున చక్కెర పడిపోవచ్చునని గుర్తుంచుకొని జేబులో బెల్లపుముక్క యుంచుకొనుటయు, స్పర్శ తగ్గిన పాదములను ఇంటికి పోయి బొబ్బలకై పరిశీలించుకొనుటయు మరువరాదు. ఛాతీలో బరువు, ఎడమచేతిలో లాగుడు, అకారణమైన ఆయాసము కలిగినచో, ఆట మధ్యలో ఆపుటకు మొగమాటపడుట ప్రాణాంతకము.

దేహము చెక్కుచెదరకున్నను మనస్సు అలసిపోవుట మరియొక విధమైన గాయము. దానికి పట్టీలు లేవు. సరదాగా ఆరంభించిన ఆటలోనికి రేటింగులు వచ్చినవి. పాయింటులో వందవ వంతు తగ్గినను నిద్రపట్టనివారు తయారైరి. వాట్సాప్ బృందములో తన పేరు మొదటి కోర్టులో లేదని అలుగువారును, తనకంటె తక్కువవానితో ఆడనొల్లనివారును, ఓడిన ప్రతిసారియు భాగస్వామి తప్పులను లెక్కించువారును బయలుదేరిరి. కార్యాలయమునందలి పోటీని తప్పించుకొనుటకు వచ్చినచోట మరల అదే పోటీని నిర్మించుకొన్న పిమ్మట, ఒకనాడు బూట్లు తొడిగికొనుటకే మనసొప్పకపోవుట వింతకాదు. దీనికి ఔషధము ఆట పుట్టుకలోనే యున్నది. వారమున కొక సాయంకాలము లెక్క లేకుండ ఆడవలెను. ఇంటి పిల్లలతో, క్రొత్తవారితో, తమకంటె నెమ్మదివారితో ఆడవలెను. బలముగా కొట్టుట మాని, కిచెన్ గీతవద్ద మెత్తగా బంతిని జారవిడుచు విద్యను అభ్యసింపవలెను. ఆ విద్య వయస్సుతో తగ్గదు. కాలుచేతుల వేగము తగ్గినకొలది దాని విలువ పెరుగును. సంవత్సరమున కొకటి రెండు వారములు పూర్తిగా మానివేసి తిరిగివచ్చినవాడు ఆటను మరువడు, ఆకలితో వచ్చును. డల్లాస్‌లోను, న్యూజెర్సీలోను బిడ్డలను చూడబోయిన మన తల్లిదండ్రులు అక్కడి పార్కు కోర్టులలో మనుమలతో ఈ ఆట నేర్చి వచ్చుచున్నారు. ఆ ఇరుతరముల ఆటయే బెయిన్‌బ్రిడ్జ్‌లో పుట్టిన అసలైన ఆట.

ఈ బాధ్యత ఆటగానిది మాత్రమే కాదు. 2025లో కేంద్రక్రీడామంత్రిత్వశాఖ ఇండియన్ పికిల్‌బాల్ అసోసియేషన్‌ను జాతీయ క్రీడాసమాఖ్యగా గుర్తించినది. ఆ యేటనే ముంబయిలో జరిగిన వరల్డ్ పికిల్‌బాల్ లీగులో హైదరాబాదు పేరిట ఒక జట్టు ఆడినది. గుర్తింపు, కీర్తి, ధనము వచ్చుచున్న ఈ సమయముననే రక్షణనియమములును రావలెను. వారాంతపు పోటీలలో ఏబది దాటినవారిచేత ప్రొద్దుటినుండి రాత్రివరకు ఎడతెగక ఆడించుట మానవలెను. ఒక్కొక్కరికి దినమున కిన్ని మ్యాచులనియు, మధ్యమధ్య ఇంత విరామమనియు నిర్ణయింపవలెను. ప్రతి కోర్టువద్ద ప్రథమచికిత్స తెలిసిన మనిషి, మంచుగడ్డ, త్రాగునీరు, వీలైనచోట గుండె ఆగినప్పుడు వాడు ఏఈడీ యంత్రము ఉండవలెను. క్రొత్తగా చేరువారికి శిక్షకులు మొదట బంతిని కొట్టుట గాక, వెనుతిరుగుట, ఆగుట, బంతిని విడుచుట నేర్పవలెను. పురపాలక సంఘములు పార్కులలో మెత్తని కోర్టులు కొన్నియైనను నిర్మించినచో, గంటకు వందల రూపాయలు చెల్లింపలేనివారికిని ఈ భాగ్యము దక్కును. అద్దె గిట్టించుకొనవలెనను ఆత్రము తగ్గినచో గాయములును తగ్గును.

మితము నేర్చినవానికి ఆట రుచి తగ్గునని కొందరు వాదింతురు. నేను అంగీకరింపను. నొప్పిమాత్రతో ఆడిన మూడు గంటలకంటె, నిండుహాయిగా ఆడిన ఒక గంటలో ఆనందము ఎక్కువ. నొప్పి లేనివాడే మరునాడు ఆ ఆనందమును తలచుకొని మురియగలడు. ఒక సంవత్సరములో మున్నూరు దినములు ఆడి జీవితమంతయు మానుకొనుటకంటె, సంవత్సరమునకు నూటయేబది దినముల చొప్పున ఇరువదియేండ్లు ఆడుట ఎంత లాభమో లెక్క తెలిసిన ప్రతివారికిని బోధపడును. కావున పాఠకమిత్రులారా, ఈ సాయంకాలము కోర్టుకు పోవునప్పుడు పది నిమిషములు ముందుగా పోయి ఒళ్లు వేడెక్కించుకొనుడు. తలపైనుండి పోవు బంతిని పోనిండు. మిత్రులు ‘ఇంకొక్క ఆట’ యని చేయిపట్టుకొన్నప్పుడు, ఎల్లుండికి వాయిదా వేసి ఇంటికి రండు.